ఒంట్లో బాగున్నప్పుడే ఒక్కసారి

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. జ్వరం లేదు, నొప్పి లేదు, తిన్నది అరుగుతోంది, పడుకుంటే నిద్ర పడుతోంది. అలాంటి రోజున మీలో ఎవరైనా, మీ కోసం, మీ అంతట మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళారా? పిల్లలకి టీకాలు వేయించడానికి వెళ్ళి వుంటారు. అత్తగారికి బి.పి. చూపించడానికి వెళ్ళి వుంటారు. మరి మీ కోసం? "నాకేం, గుండ్రాయిలా వున్నాను" అంటాం. నేనూ అలా అన్నదాన్నే. పైగా అదేదో గొప్పలా చెప్పుకున్నదాన్ని.

"జబ్బు లేనిదే ఆసుపత్రికి ఎందుకు?" అనే ఈ మాట మన ఒక్కళ్ళ సొత్తే అనుకునేదాన్ని. కాదుట. అమెరికాలో స్థిరపడిన కొరియా దేశపు ఆడవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఇదే మాట అన్నారు. ఆ మాట వాళ్ళలో కొందరి ప్రాణం మీదికి తెచ్చింది. తర్వాత వాళ్ళే దానికి ఒక ఉపాయమూ కనిపెట్టుకున్నారు. ఆ సంగతే ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను. కొరియా వాళ్ళ గొడవ మనకెందుకంటారా? కొంచెం ఓపికపట్టి వినండి. మధ్యలో ఎక్కడో మీకు మన పెద్దమ్మో పిన్నో కనిపించకపోతే అప్పుడడగండి.

కిందటేడు మా ఆడపడుచుకి ఆపరేషనైతే సాయానికని లాస్ ఏంజెలిస్ వెళ్ళి నాలుగు నెలలు వున్నాను. వాళ్ళ వీధి చివర ఒక డ్రై క్లీనింగు కొట్టు వుంది. నడిపేది కొరియా దంపతులు. పొద్దున్న ఆరున్నరకి తలుపు తీస్తే రాత్రి ఏడింటికి మూయడం, వారానికి ఆరు రోజులు. నా పట్టుచీరకి ఫాల్ ఊడిపోతే భయం భయంగానే ఆవిడ చేతికిచ్చాను. జన్మలో చీర కట్టని మనిషి, కుట్టు ఎక్కడుందో తెలియకుండా ఎంత బాగా కుట్టి ఇచ్చిందనుకున్నారు! అక్కడినుంచి మాకు స్నేహం. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒక్క బడిలోనే చదువుకున్నట్టుంటాయి కనక మాటలకి ఇబ్బంది లేకపోయింది. అర్థం కానిచోట మా ఆడపడుచు వుండనే వుంది.

ఆవిడకి యాభై ఏడేళ్ళు. ఆ దేశం వచ్చి పాతికేళ్ళ పైమాటే. ఒకరోజు మాటల్లో, "నాకు ఆరేళ్ళ క్రితం రొమ్ము కాన్సర్ వచ్చింది, తీసేశారు, బాగున్నాను" అంది, పళ్ళు పుచ్చిపోతే తీయించుకున్నాను అన్నంత మామూలుగా. నేను నోరు తెరుచుకుని వుండిపోయాను. మన వైపు ఆ జబ్బు పేరు కూడా ఎత్తం కదా! "ఆ జబ్బు" అంటాం, "అక్కడ గడ్డ" అంటాం. ఆవిడేమో కొట్లో నిలబడి, ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకుని చెబుతోంది. "మీకు మొదట్నించీ ఇంత ధైర్యమేనా?" అని అడిగాను. ఆవిడ నవ్వి, "ధైర్యమా! నన్ను మెడపట్టి లాక్కెళ్ళారు" అంది. ఎవరు లాక్కెళ్ళారో ముందు ముందు చెబుతాను. అంతకంటే ముందు వీళ్ళు అక్కడికెలా వచ్చారో రెండు ముక్కలు చెప్పుకోవాలి.

కొరియా వాళ్ళు మొదట 1903లో హవాయి దీవుల్లో చెరుకుతోటల పనికి ఓడెక్కి వెళ్ళారు. మొదటి ఓడలో దిగినవాళ్ళు 102 మంది. అయితే పెద్ద ఎత్తున వెళ్ళింది మాత్రం 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చిన తర్వాతే. మన డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్ళింది కూడా ఆ తలుపు లోంచే. 1980లలో ఏటా ముప్ఫై వేల పైచిలుకు కొరియా వాళ్ళు వెళ్ళారు. ఇప్పుడు ఆ సంతతి వాళ్ళు 20 లక్షల దాకా వున్నారు. స్వదేశంలో చదువుకుని ఉద్యోగాలు చేసినవాళ్ళే అయినా ఇంగ్లీషు రాక, చదువు అక్కడ చెల్లక, చాలామంది చిన్న కొట్లు పెట్టుకున్నారు. లాండ్రీలు, పచారీ దుకాణాలు, గోళ్ళకి రంగులు వేసే పార్లర్లు. ఆలుమగలిద్దరూ కౌంటరు వెనక నిలబడితేగాని కొట్టు సాగదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వాళ్ళకీ మనకీ పోలికలు చూస్తే నవ్వొస్తుంది. అమ్మని "ఒమ్మా" అంటారు. ఆడవాళ్ళు తమకంటే పెద్దావిణ్ణి "ఒన్నీ" అంటారు, అంటే అక్క. పెళ్ళై పిల్లలు పుట్టాక ఆడమనిషిని పేరుపెట్టి పిలవడం తక్కువ, ఫలానా పిల్లవాడి అమ్మ అనే పిలుస్తారు. మనకి తలరాత వున్నట్టే వాళ్ళకి "పల్‌జా" అని వుంది. పుట్టిన ఏడూ, నెలా, రోజూ, గంటా కలిపి లెక్కవేసి చెప్పే జాతకం. ఏం జరిగినా "నా పల్‌జా ఇంతే" అంటారుట. ఇక కిమ్చీ సంగతి చెప్పనక్కర్లేదు. కారం దట్టించిన కాబేజీ ఊరగాయ. చలికాలం ముందర ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా ఒకచోట చేరి, మనం ఆవకాయ పెట్టినట్టే, కుండలకి కుండలు పెడతారు. ఆ సందడిని 2013లో యునెస్కో వాళ్ళు మానవజాతి వారసత్వం కింద పట్టికకెక్కించారు కూడా.

ఇక అసలు విషయానికొస్తాను.

కొరియాలో రొమ్ము కాన్సర్ ఒకప్పుడు తక్కువే. అంచేత వలస వెళ్ళిన తొలితరం ఆడవాళ్ళు "అది తెల్లవాళ్ళ జబ్బు" అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు. కాని దేశం మారాక తిండి మారింది, జీవితం మారింది, కాన్పులు ఆలస్యమూ తక్కువా అయ్యాయి. కాలిఫోర్నియా లెక్కల్లో చూస్తే 1988 నుంచి అక్కడి ఆసియా స్త్రీలలో ఈ జబ్బు పెరుగుతూ వచ్చింది. కొరియా వాళ్ళలో మరీ వేగంగా పెరిగింది. స్వదేశంలోనూ పెరిగింది. పైగా కొరియాలో ఇది ఎక్కువగా కనిపించేది నలభైల చివర్లో. అమెరికాలో సగటు వయసు అరవై దాటి వుంటే, వీళ్ళకి పిల్లలు చదువుల్లో వుండగానే వచ్చిపడుతోందన్నమాట. మన దేశంలోనూ పాశ్చాత్యుల కంటే ముందు వయసులోనే వస్తోందని డాక్టర్లు అంటున్నారు.

ఈ జబ్బులో వున్న చిత్రమేమిటంటే, మొదట్లో నొప్పి వుండదు. గడ్డ చేతికి తగిలేటప్పటికే అది కొన్నేళ్ళుగా లోపల పెరుగుతూ వుంటుంది. చేతికి తగలకముందే పట్టుకునే పరీక్ష పేరు మామోగ్రాం. అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే. రెండు పలకల మధ్య పెట్టి గట్టిగా అదిమి, ఒక్కొక్క వైపు రెండేసి ఫొటోలు తీస్తారు. అదిమినప్పుడు కాస్త నొప్పి వుంటుంది, కొన్ని సెకన్లు. అంతే. ఆ రోజు చంకల్లో పౌడరూ సెంటూ రాసుకోకూడదు, ఫొటోలో మచ్చల్లా పడతాయి. బహిష్టు అయిన తర్వాతి వారంలో అయితే నొప్పి తక్కువ. 2024లో అమెరికా ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం, 40 నుంచి 74 ఏళ్ళ దాకా రెండేళ్ళకొకసారి చేయించుకోమని చెప్పింది. అంతకుముందు 2009లో అయితే 50 నుంచి అని చెప్పేవారు.

ముందే పట్టుకుంటే ఏం లాభం అంటారా? అక్కడి లెక్క చెబుతాను. జబ్బు రొమ్ము దాటకుండా వుండగా బయటపడ్డవాళ్ళలో అయిదేళ్ళ తర్వాత బతికి వుండేవాళ్ళు దాదాపు నూటికి 99 మంది. అదే ఎముకలకో ఊపిరితిత్తులకో పాకాక బయటపడితే నూటికి 30 మంది చిల్లర. జబ్బు ఒకటే, ఆడది ఒకటే. తేడా అంతా ఎప్పుడు చూశారన్న దాంట్లోనే వుంది.

ఇంత తేడా వున్నా కొరియా ఆడవాళ్ళు ఆ పరీక్షకి వెళ్ళలేదు. 1990లలోనూ ఆ తర్వాతా కాలిఫోర్నియాలో ఇంటింటికీ ఫోన్లు చేసి సర్వేలు తీస్తే, మామోగ్రాం చేయించుకున్నవాళ్ళలో కొరియా వాళ్ళు ఆసియా స్త్రీలందరి లోకీ అట్టడుగు వరసల్లో నిలిచారు. డాక్టర్లూ నర్సులూ ఆశ్చర్యపోయారు. చదువుకున్నవాళ్ళు, కష్టజీవులు, పిల్లల్ని పెద్ద పెద్ద కాలేజీలకి పంపేవాళ్ళు. వీళ్ళెందుకు రారు?

కారణాలు వెదికారు. మొదటిది మనం అనుకున్నదే: "ఒంట్లో బాగానే వుంది, ఎందుకు?" రెండోది పల్‌జా. రాసిపెట్టి వుంటే రాక మానదు, వెదుక్కుని తెచ్చుకోవడమెందుకు అని. మూడోది సిగ్గు. ఈ మూడూ కాయితాల మీద రాసి, "వాళ్ళ సంప్రదాయం అడ్డొస్తోంది" అని కొందరు తేల్చేశారు.

ఈ సంప్రదాయం మాట నాకు నచ్చలేదు సుమండీ. ఎంచేతంటే మా లాండ్రీ ఆవిడ నన్ను ఒక ఆదివారం వాళ్ళ స్నానాలశాలకి తీసుకెళ్ళింది. లాస్ ఏంజెలిస్‌లో కొరియా పేట వుంది, అందులో ఇలాంటివి చాలా వున్నాయి. ఆడవాళ్ళ వైపు చూద్దును కదా, ముసలమ్మలూ పడుచులూ తల్లులూ కూతుళ్ళూ ఒంటి మీద నూలుపోగు లేకుండా వేడినీళ్ళ తొట్లలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటున్నారు. నేనే తువ్వాలు చుట్టుకుని మూల నక్కి కూర్చున్నాను. అక్కడ లేని సిగ్గు ఆసుపత్రిలో ఎక్కణ్ణించి వచ్చింది? ఆవిడే చెప్పింది. "ఇక్కడ నా వాళ్ళు, నా భాష. అక్కడ ముక్కూ మొహం తెలియని మనిషి, ఏదో అంటాడు, సగం అర్థం కాదు. చన్నీళ్ళలాంటి గదిలో కాయితపు గౌను వేసుకుని అవునా కాదా అని తల వూపుతూ కూర్చోవాలి. సిగ్గు ఒంటికి కాదు, నోటికి" అంది. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

ఇంకా లోతుకి పోతే అసలు కారణాలు బయటపడ్డాయి. అమెరికాలో వైద్యానికి ఇన్సూరెన్సు కావాలి. పెద్ద కంపెనీ ఉద్యోగస్తులకి కంపెనీ ఇస్తుంది. కొట్టు పెట్టుకున్నవాడికి ఎవరిస్తారు? 2000 దశకంలో అక్కడి కొరియా వాళ్ళలో మూడోవంతు మందికి దగ్గరదగ్గరగా ఇన్సూరెన్సే లేదు. ఆసియా వాళ్ళందరిలోకీ అదే ఎక్కువ. ఇన్సూరెన్సు లేనివాడికి రోజూ చూపించుకునే డాక్టరంటూ వుండడు. ఆ డాక్టరు లేనివాళ్ళకి "అమ్మా, నలభై దాటాయి, మామోగ్రాం చేయించుకో" అని చెప్పే నోరు వుండదు. ఎన్ని సర్వేలు చేసినా తేలిన ఒక నిజం ఏమిటంటే, డాక్టరు స్వయంగా చెప్పిన ఆడవాళ్ళు ఎక్కువమంది వెళ్ళారు, చెప్పనివాళ్ళు వెళ్ళలేదు. పైగా కొట్టు మూసి ఒక పూట వెళ్ళడమంటే ఆ పూట సంపాదన పోయినట్టే. కౌంటరు వెనక ఇద్దరూ నిలబడాలని చెప్పాను చూశారా, అదీ సంగతి.

ఇంకా ఒకటుంది. కొందరు డబ్బు దాచుకుని, పదమూడు గంటలు విమానంలో కూర్చుని కొరియా వెళ్ళి, అక్కడ ఒళ్ళంతా పరీక్షలు చేయించుకుని వచ్చేవారు. అక్కడ చవక, భాష తెలుసు, అన్నీ ఒక్క రోజులో ఐపోతాయి. చూశారా! పరీక్ష అంటే భయమైనవాళ్ళు సముద్రం దాటి వెళతారా?

లాండ్రీ ఆవిడకి అక్కగారుంది, పూసాన్ రేవు పట్నంలో. ఏనాడూ దేశం దాటలేదు. ఆవిడకి నలభై నిండిన దగ్గర్నుంచీ రెండేళ్ళకొకసారి ఇంటికి ప్రభుత్వం వారి కాయితం వస్తుంది, ఈ ఏడు మీ వంతు, వచ్చి పరీక్షలు చేయించుకోండి అని. సరిసంఖ్య సంవత్సరంలో పుట్టినవాళ్ళకి సరిసంఖ్య సంవత్సరంలో, బేసిలో పుట్టినవాళ్ళకి బేసిలో. మరిచిపోవడానికి వీల్లేదు. కొరియాలో 1989 నాటికే దేశంలో అందరికీ ఆరోగ్య బీమా వచ్చింది. 1999లో బీదవాళ్ళకి ఉచితంగా కాన్సర్ పరీక్షలు మొదలుపెట్టి, తర్వాత తక్కినవాళ్ళకీ విస్తరింపజేశారు. తక్కువ రాబడి వాళ్ళకి పూర్తిగా ఉచితం, ఇతరులు ఖర్చులో పదోవంతు కడితే చాలు. అక్కడ ఇప్పుడు నూటికి 60 మందికి పైగా ఆడవాళ్ళు వెళుతున్నారు.

ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు. ఒకే కిమ్చీ తిన్నారు, ఒకే పల్‌జాని నమ్మారు, ఒకే తొట్లో స్నానం చేశారు. దేశంలో వుండిపోయిన అక్క పరీక్షకి వెళ్ళింది. ఐశ్వర్యవంతమైన దేశానికి వెళ్ళిన చెల్లెలు వెళ్ళలేదు. మరి తప్పు సంప్రదాయానిదా, పిలుపుదా? చలి రాకముందే ఊరగాయ పెట్టుకునే ఆడదానికి ముందుచూపు లేదంటే నేనొప్పుకోను. పిలిచేవాళ్ళు లేరు, అంతే.

ఇప్పుడు ఉపాయం సంగతి. అమెరికాలో కొరియా వాళ్ళకి ఊరంటే చర్చే. ఎక్కువమంది క్రైస్తవులు. నమ్మకం వున్నా అంతగా లేకపోయినా ఆదివారం అక్కడికి చేరతారు. ప్రార్థన అయ్యాక అందరూ కలిసి భోంచేస్తారు. ఇల్లు అద్దెకి దొరకడం దగ్గర్నుంచి పిల్ల పెళ్ళి దాకా అన్నీ ఆ భోజనాల బల్ల దగ్గరే తేలతాయి. ఆరోగ్యం పనిచేసేవాళ్ళకి చివరికి బుద్ధి తట్టింది: వాళ్ళు ఆసుపత్రికి రాకపోతే మనమే ఆ బల్ల దగ్గరికి వెళదాం అని.

బాల్టిమోర్, వాషింగ్టన్ చుట్టుపక్కల 23 కొరియన్ చర్చిల్లో 560 మంది ఆడవాళ్ళతో ఒక ప్రయత్నం చేశారు. చర్చి ఆడవాళ్ళలోంచే కొందరికి తర్ఫీదు ఇచ్చారు. వాళ్ళు తక్కిన ఆడవాళ్ళకి కాన్సర్ పరీక్షల కాయితాలు ఎలా చదవాలో, డాక్టరు మాటలకి అర్థమేమిటో, అపాయింట్‌మెంటు ఎలా తీసుకోవాలో చెప్పారు. అక్కడితో వదలకుండా నెలల తరబడి ఫోన్లు చేసి "వెళ్ళావా, ఎప్పుడు వెళతావు?" అని వెంటపడ్డారు. చెప్పించుకోని వాళ్ళకంటే ఈ ఆడవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువగా వెళ్ళారు. 2017లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

చికాగోలో చేసింది ఇంకా తమాషాగా వుంటుంది. దానికి "కిమ్చీ" అనే పేరు పెట్టారు. ఇంగ్లీషులో పొడుగాటి పేరుకి పొడి అక్షరాలు కూర్చితే అలా వచ్చేట్టు కల్పించారన్నమాట. అక్కడి 50 కొరియన్ ప్రార్థనా సంఘాల నుంచి నలభై దాటిన, పెళ్ళయిన 428 మంది ఆడవాళ్ళని తీసుకున్నారు. కొందరికి వాళ్ళ భర్తలతో కలిపి కొరియా భాషలో తీసిన సినిమా చూపించారు. తర్వాత మాట్లాడించారు. ఇంటికెళ్ళి ఆలుమగలిద్దరూ దీని గురించి మాట్లాడుకోండి అని హోంవర్కు కూడా ఇచ్చారు! ఆర్నెల్ల తర్వాత, పదిహేను నెలల తర్వాత చూస్తే, అది చూడని జంటల కంటే చూసిన జంటల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు మామోగ్రాం చేయించుకున్నారు. మగవాళ్ళు అడ్డుపడతారని అందరూ అనుకుంటారు. చాలామటుకు వాళ్ళకి ఎవరూ చెప్పకపోవడమే. తెలిస్తే కొట్టు తను చూసుకుని "నువ్వు వెళ్ళిరా" అంటాడు.

డబ్బు విషయంలోనూ కొంత దారి దొరికింది. 1990లో చేసిన ఒక చట్టం వల్ల, ఇన్సూరెన్సు లేని బీద ఆడవాళ్ళకి ఉచితంగా మామోగ్రాములు తీసే పథకం దేశమంతటా వచ్చింది. కాలిఫోర్నియాలో "ఎవ్రీ ఉమన్ కౌంట్స్", అంటే ప్రతి స్త్రీ లెక్కలోనిదే, అనే పథకం వుంది. వాళ్ళకి ఫోన్ చేస్తే కొరియా భాషలోనే జవాబు చెబుతారు. 2010 నాటి ఆరోగ్య చట్టం వచ్చాక ఇన్సూరెన్సు వున్నవాళ్ళకి ఈ పరీక్షకి విడిగా డబ్బు కట్టే పని చాలావరకు తప్పింది.

సరే, లాండ్రీ ఆవిణ్ణి మెడపట్టి లాక్కెళ్ళింది ఎవరో చెబుతానన్నాను కదా. వాళ్ళ చర్చిలో ఒక "ఒన్నీ" వుండేదిట. ఆవిడకి గడ్డ చేతికి తగిలితే ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. కొడుకు చదువు పూర్తికావాలని, కొట్టు అప్పు తీరాలని. చెప్పేటప్పటికి ఎముకల్లోకి పాకింది. మందులతో జుట్టూడిపోయి, నెత్తిన టోపీ పెట్టుకుని, ఆదివారం భోజనాల దగ్గర నిలబడి, "నలభై దాటినవాళ్ళు చేతులెత్తండి" అందిట. ఎత్తినవాళ్ళ పేర్లన్నీ పుస్తకంలో రాసుకుంది. ఆ ఉచిత పథకానికి తనే ఫోన్లు చేసి, వారానికి ఒకరిద్దరు చొప్పున తన కారులో తీసుకెళ్ళేది. మా లాండ్రీ ఆవిడ మూడుసార్లు ఏదో సాకు చెప్పింది. నాలుగోసారి ఒన్నీ కొట్టుకే వచ్చి, కౌంటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. "నువ్వు కదిలిందాకా నేను కదలను. నాకు ఎక్కువ టైము లేదు" అంది. ఇంకేమంటుంది? ఈవిడ వెళ్ళింది. శనగగింజంత వుందన్నారు. చేతికి తగిలేదే కాదు. అది తీసేసి కొన్ని వారాలు రేడియేషన్ ఇచ్చారు. ఆరేళ్ళయింది, ఇప్పటికి బాగుంది.

ఒన్నీ ఆ మరుసటేడే పోయింది. పోయేముందు తన పేర్ల పుస్తకం ఈవిడకి ఇచ్చిందిట. నాకు చూపించింది. నీలం అట్ట పుస్తకం. కొరియా అక్షరాలు నాకు రావు. పేర్ల పక్కన టిక్కులు మాత్రం కనిపించాయి. ఇప్పుడు బట్టలు డెలివరీ ఇచ్చే వాన్‌లోనే ఈవిడ ఆడవాళ్ళని తీసుకెళుతోంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ పరీక్ష దేవుడేం కాదు. వందమంది చేయించుకుంటే అక్కడ పదిమందిని దాకా "ఇంకోసారి రండి, సరిగా తెలియలేదు" అని పిలుస్తారు. ఆ పదిమందిలో చాలామందికి ఏమీ వుండదు. కాని మళ్ళీ పిలిచారంటేనే సగం ప్రాణం పోతుంది, ఆ బాధ నిజమైనదే. పిలిస్తే కాన్సర్ అని అర్థం కాదు, ఇంకో కోణంలో చూస్తామని మాత్రమే. ఆసియా ఆడవాళ్ళలో చాలామందికి రొమ్ము కణజాలం చిక్కగా వుంటుంది, ఫొటోలో తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది కనక దాక్కునే వీలుంది. అంచేత మామోగ్రాం బాగుందన్నా సరే, తర్వాత ఎప్పుడైనా గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, ముచ్చిక నుంచి రక్తం కనిపించినా, "మొన్ననేగా చూశారు" అనుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇదంతా విని ఇంటికొచ్చిన రోజు రాత్రి మా ఆడపడుచు, "వదినా, మరి నువ్వు చేయించుకున్నావా?" అంది. నాకు నలభై ఆరు. జవాబు లేదు. నాకప్పుడు మా దొడ్డమ్మ గుర్తొచ్చింది. కొంగు చాటున ఎనిమిది నెలలు దాచుకుంది. అడిగితే "వేడి గడ్డ" అంది, పసుపు రాసుకుంది. ఇంట్లో ఐదుగురు ఆడవాళ్ళం వున్నాం. ఒక్కళ్ళం "చూపించు" అనలేదు. ఆవిడ సిగ్గరి అనుకున్నాం. ఇప్పుడనిపిస్తుంది, ఆవిడ సిగ్గుపడలేదు, మేము పిలవలేదు.

తిరిగి వచ్చిన నెలలోనే వెళ్ళాను. మా చెల్లెల్ని కూడా లాక్కెళ్ళాను. పరీక్ష చేసిన అమ్మాయి మా పెద్దమ్మాయి వయసుది. పది నిమిషాల్లో ఐపోయింది. ఇద్దరికీ ఏమీ లేదన్నారు. బయటికొచ్చి కాఫీ తాగాం.

మన దేశంలో మామోగ్రాం అందరికీ అందుబాటులో లేదు, నిజమే. కాని 30 దాటిన ఆడవాళ్ళకి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు కాన్సర్లకి పరీక్ష చెయ్యాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. రొమ్ముకి అక్కడ చేసేది యంత్రంతో కాదు, తర్ఫీదు పొందినవాళ్ళు చేత్తో చూసే పరీక్షే. అది కూడా తీసిపారేసేది కాదు. బొంబాయిలో టాటా ఆసుపత్రి వాళ్ళు 1998 నుంచి ఇరవై ఏళ్ళు, లక్షన్నర మంది బస్తీ ఆడవాళ్ళతో పరిశోధన చేశారు. 2021లో అచ్చయిన ఆ ఫలితాలలో, చేత్తో చూసే పరీక్ష వల్ల జబ్బు ముందుగానే బయటపడుతోందని, 50 దాటినవాళ్ళలో ఆ జబ్బుతో చనిపోయేవాళ్ళు దాదాపు నూటికి 30 వంతులు తగ్గారని తేలింది. చేసినవాళ్ళు డాక్టర్లు కూడా కాదు, తర్ఫీదు ఇచ్చిన ఆడపిల్లలు. మీ వూరి ఆశా కార్యకర్తనో, నర్సమ్మనో అడగండి, ఎక్కడ చేస్తారో చెబుతారు.

ఈ ప్రసంగం విని "మంచి విషయం చెప్పింది" అనుకుని స్టవ్ మీద పాలు చూసుకోవడానికి వెళ్ళిపోతారని నాకు తెలుసు. నేనూ అదే చేసేదాన్ని. అంచేత మిమ్మల్ని మీ కోసం వెళ్ళమని చెప్పడం లేదు. మన కోసం మనం వెళ్ళం. మీ తోడికోడల్నో, పక్కింటావిణ్ణో, అమ్మనో, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయినో, ఒక్కరిని తీసుకెళ్ళండి. తోడు వెళ్ళినవాళ్ళు ఎలాగూ గది బయట కూర్చోవాలిగా, కూర్చునే బదులు లోపలికి వెళ్ళి తమకీ చేయించుకుని రావచ్చు.

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని మొదటి పేరు ఇవాళే రాసుకోండి.

సెలవు.